స్టార్ వార్స్‌కు అభిమానులు చేసిన కూర్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: ఫ్యాన్ ఎడిట్ అంటే సరిగ్గా ఏమిటి?

విడుదలైన సినిమాను తీసుకొని, దాని నిర్మాణంతో ఏ సంబంధమూ లేని ప్రేక్షకుడు తన ఇంట్లోని కంప్యూటర్ మీద దాన్ని మళ్లీ కూర్చితే, ఆ కూర్పును ఫ్యాన్ ఎడిట్ అంటారు. ఈ ఒక్క పేరు కింద రెండు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. నచ్చని సన్నివేశాలు తీసేసి, వరుస మార్చి, సినిమాను తనకు నచ్చినట్టు చేసుకోవడం ఒకటి. తర్వాతి కాలంలో వచ్చిన మార్పులను తొలగించి, సినిమాను మొదటిసారి తెర మీదకు వచ్చినప్పుడు ఎలా ఉందో అలా తిరిగి నిలబెట్టడం మరొకటి. రెండో పనికి తెలుగులో మనకు బాగా తెలిసిన పోలిక ఉంది. సి.పి. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి తాళపత్ర ప్రతులను ఒకదానితో ఒకటి సరిచూయించిన పద్ధతిని పాఠ పరిష్కరణ అంటాం. ఏ పద్యం మూలంలోనిది, ఏది తర్వాత ఎవరో చొప్పించిన ప్రక్షిప్తం అని తేల్చే పని అది. స్టార్ వార్స్ విషయంలో విచిత్రమేమిటంటే, ప్రక్షిప్తాలన్నీ కవి తానే స్వయంగా చేర్చినవి.

ప్రశ్న: 1977లో విడుదలైన సినిమా, ఇప్పుడు ఇంట్లో చూస్తున్న సినిమా ఒకటి కావా?

కావు. 1977 మే 25న అమెరికాలో విడుదలైన ప్రింటులో, కథను చెబుతూ పైకి పాకే పసుపు అక్షరాల మీద సినిమా పేరు తప్ప ‘ఎపిసోడ్ 4’ అనిగానీ ‘ఎ న్యూ హోప్’ అనిగానీ ఉండేది కాదు. ఆ మాటలు 1981 నాటి పునర్విడుదలలో చేరాయి. అసలైన మార్పులు 1997లో వచ్చాయి. ఆ ఏడాది జనవరి చివర మొదటి సినిమాను, ఆ తర్వాత ఫిబ్రవరి, మార్చి నెలల్లో దాని కొనసాగింపులైన మిగతా రెంటినీ ‘స్పెషల్ ఎడిషన్’ పేరుతో థియేటర్లకు తెచ్చారు. మోస్ ఐస్లీ పట్టణ వీధుల్లో కంప్యూటర్ జంతువులు నడిచాయి, శత్రువుల అంతరిక్ష స్థావరం డెత్ స్టార్ పేలినప్పుడు చుట్టూ ఒక వలయం విస్తరించింది, 1977లో కత్తిరించి పక్కన పెట్టిన, జబ్బా అనే ముఠా నాయకుడి సన్నివేశం తిరిగి వచ్చింది. ఆ సన్నివేశాన్ని మొదట ఒక నటుడితో చిత్రీకరించారు. తర్వాత అతని స్థానంలో కంప్యూటర్ జబ్బాను నిలబెట్టినప్పుడు ఒక చిక్కు వచ్చింది: చిత్రీకరణలో హారిసన్ ఫోర్డ్ ఆ నటుడి వెనక నుంచి నడిచి వెళ్లాడు, జబ్బాకేమో వెనక పెద్ద తోక ఉంది. అందుకని ఫోర్డ్ పాత్ర అయిన హాన్ సోలోను డిజిటల్‌గా కొద్దిగా పైకి లేపి, తోక మీద కాలు వేసి దాటినట్టు చూపించారు. ఆ క్షణంలో అతని నడక ఎంత కృత్రిమంగా ఉంటుందో ఒక్కసారి ఆపి చూసినవారు మళ్లీ మరచిపోలేరు.

మార్పులు అంతటితో ఆగలేదు. 2004 డీవీడీలో, 2011 బ్లూరేలో, 2019లో డిస్నీ ప్లస్ ప్రసారంలో ఒక్కోసారి కొన్ని చొప్పున చేరుతూ వచ్చాయి. హోటల్ బల్ల దగ్గర, హాన్‌ను పట్టుకోవడానికి వచ్చిన గ్రీడో, హాన్ ఎదురెదురుగా కూర్చొనే కొన్ని సెకన్ల దృశ్యాన్నే తీసుకోండి. 1977లో కాల్చింది హాన్ ఒక్కడే. 1997లో ముందు గ్రీడో కాల్చాడు, అంత దగ్గర నుంచీ గురి తప్పాడు, హాన్ తల మాత్రం మెడతో సంబంధం లేనట్టు పక్కకు జరిగింది. 2004లో ఇద్దరూ దాదాపు ఒకేసారి కాల్చారు. 2019లో కాల్చడానికి ముందు గ్రీడో ‘మక్లంకీ’ అనే కొత్త మాట ఒకటి అన్నాడు. ఇదేదో చిన్న పట్టింపు అని కొందరు నవ్వుతారు. కానీ హాన్ సోలో స్వార్థం తప్ప మరొకటి ఎరగని మనిషిగా మొదలై, చివర స్నేహితుడి కోసం వెనక్కి తిరిగి వచ్చే మనిషి. మొదటి మెట్టునే మెత్తబరిస్తే చివరి మెట్టుకు ఎత్తు తగ్గిపోతుంది. ఈ అభ్యంతరంలో న్యాయం ఉందనే నా అభిప్రాయం.

ప్రశ్న: తన సినిమాను మార్చుకొనే హక్కు స్టార్ వార్స్ సృష్టికర్త జార్జ్ లూకాస్‌కు లేదా?

చట్టరీత్యా ఉంది. నైతికంగా ఉందా లేదా అన్న ప్రశ్నకు ఆయన మాటలే అడ్డం వస్తాయి. నలుపు తెలుపు సినిమాలకు హక్కుదారులు రంగులు అద్దుతున్న రోజుల్లో, 1988లో, లూకాస్ అమెరికా కాంగ్రెస్ ఎదుట హాజరై ఆ ధోరణిని తీవ్రంగా వ్యతిరేకించారు. రేపు సాంకేతికత ఇంకా పెరిగితే పాత నటుల స్థానంలో కొత్త ముఖాలు పెట్టవచ్చని, సంభాషణలు మార్చి పెదవుల కదలికను కూడా దానికి సరిపెట్టవచ్చని అప్పుడే హెచ్చరించారు. 2004లో మూడో సినిమా చివరి దృశ్యంలో సెబాస్టియన్ షా ముఖం తీసేసి హేడెన్ క్రిస్టెన్సెన్ ముఖం పెట్టించిందీ ఆయనే. కళాకారుడి అనుమతి లేకుండా యజమాని చేసే మార్పులకే తాను వ్యతిరేకమని, ఇక్కడ కళాకారుడూ యజమానీ తానేనని ఆయన తరఫున వాదించవచ్చు. ఆ వాదన మొదటి సినిమా వరకూ నిలుస్తుంది. రెండోదానికి దర్శకుడు ఇర్విన్ కెర్ష్నర్, మూడోదానికి రిచర్డ్ మార్క్వాండ్. మార్క్వాండ్ 1987లోనే మరణించారు కాబట్టి ఆయనను అడిగే అవకాశమే లేదు. ఇక మొదటి సినిమా కూర్పుకు ఆస్కార్ అందుకొన్నది రిచర్డ్ చ్యూ, పాల్ హిర్ష్, మార్షియా లూకాస్. ఆ పని వారిది కూడా.

సినిమా అనేది విడుదలైన రోజే స్థిరపడిపోయే వస్తువని తెలుగు ప్రేక్షకుడు ఎన్నడూ అనుకోలేదు. రెండో వారంలో ఇరవై నిమిషాలు ట్రిమ్ చేశామని, మూడో వారంలో కొత్త సీన్లు కలిపామని పోస్టర్లు వేయడం మనకు మామూలే. ఊళ్లలో ఆఖరి ఆట ఆలస్యమైతే ఆపరేటరే రెండు పాటలు ఎగరగొట్టేవాడు, ఒక రకంగా తొలి ఫ్యాన్ ఎడిటర్ ఆయనే. 1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో రంగులద్ది విడుదల చేశారు, అప్పటికి కె.వి. రెడ్డి గతించి దాదాపు నాలుగు దశాబ్దాలు. అయితే అక్కడ ఒక తేడా ఉంది: రంగుల ప్రతి వచ్చిందని నలుపు తెలుపు మాయాబజార్‌ను ఎవరూ దాచిపెట్టలేదు. స్టార్ వార్స్ అభిమానుల ఫిర్యాదు కూడా కొత్త కూర్పు వచ్చినందుకు కాదు, పాతది దొరకకుండా చేసినందుకు.

ప్రశ్న: పాతదాన్ని అధికారికంగా ఎప్పుడూ ఇవ్వలేదా?

2006 సెప్టెంబరులో ఒకసారి ఇచ్చారు, అదీ డీవీడీలో అదనపు డిస్కుగా. దాన్ని నెగటివ్ నుంచి, అంటే కెమెరాలో నడిచిన అసలు ఫిల్మ్ నుంచి, కొత్తగా తయారు చేయలేదు. 1993లో లేజర్‌డిస్కు (డీవీడీకి ముందుతరం వీడియో డిస్కు) కోసం చేసిన పాత వీడియో మాస్టర్‌నే తిరిగి వాడారు. వెడల్పు టీవీలో పెడితే నాలుగు వైపులా నల్లటి పట్టీలు, మధ్యలో చిన్న కిటికీలా బొమ్మ. ఇంటికొచ్చిన చుట్టానికి చద్దన్నం వడ్డించి, అడిగింది పెట్టాం కదా అన్నట్టు ఉంది ఆ వ్యవహారం. అభిమానులు తామే పనిలోకి దిగాలని నిశ్చయించుకోవడానికి ఆ డిస్కు ఒక ముఖ్య కారణం.

ప్రశ్న: ‘డీస్పెషలైజ్డ్ ఎడిషన్’ ఎలా తయారైంది?

హార్మీ అనే మారుపేరుతో పనిచేసిన ఒక చెక్ దేశపు అభిమాని 2010 ప్రాంతంలో మార్పులు తొలగించి పాత రూపాన్ని తిరిగి నిలబెట్టే ఈ పని మొదలుపెట్టి, ఏళ్ల తరబడి ఒకదాని తర్వాత ఒకటిగా మెరుగైన ప్రతులు విడుదల చేశారు. పద్ధతి స్థూలంగా ఇది: మార్పులు లేని షాట్లకు అధికారిక బ్లూరే ఆధారం. మార్చిన షాట్ల దగ్గర 2006 డీవీడీ, లేజర్‌డిస్కులు, ఇతర అభిమానులు పాత ఫిల్మ్ ప్రింట్ల నుంచి తీసిన స్కాన్లు, ఇలా దొరికిన ప్రతి మూలం నుంచీ అవసరమైన ముక్క తీసుకొని అతకడం. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన, 121 నిమిషాల సినిమాలో సుమారు 1,74,000 ఫ్రేములు ఉంటాయి. వాటిలో ఏది మారింది, ఏది మారలేదు అని కంటితోనే పోల్చి చూడాలి.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. కథానాయకుడు లూక్ నడిపే బండి నేలకు కొద్దిగా ఎత్తున గాలిలో తేలుతుంది. చిత్రీకరణలో మాత్రం దానికి చక్రాలున్నాయి. దూరపు షాట్లలో ఆ చక్రాలు కనబడకుండా లెన్స్ ముందు ఆ భాగానికి వాజెలిన్ పూసి మసక చేశారు. అందువల్ల 1977 ప్రింటులో బండి కింద నారింజ రంగు మరక ఒకటి బండితో పాటే పరుగెత్తుతుంది. 1997లో ఆ మరకను చెరిపేసి శుభ్రమైన నీడ పెట్టారు. పునరుద్ధరించే మనిషి ఇప్పుడు ఆ చక్కటి నీడను తొలగించి, మరకను తిరిగి తెచ్చిపెట్టాలి. ఎడారినీ ఆకాశాన్నీ బ్లూరే నుంచి పదునుగా ఉంచుకొని, బండి అడుగుభాగాన్ని మాత్రం నాసిరకం పాత మూలం నుంచి తెచ్చి, రంగు కలిపి, ఫిల్మ్ గ్రెయిన్ (బొమ్మ మీద కనబడే సన్నని రేణువులు) సరిపెట్టి, ఫ్రేము ఫ్రేముకూ అంచు కదిలిస్తూ అతుకు కనబడకుండా చేయాలి. లోపాన్ని సరిదిద్దడానికి కష్టపడేవారిని చూశాం గానీ, లోపాన్ని యథాతథంగా తిరిగి ప్రతిష్ఠించడానికి రాత్రుళ్లు కూర్చొనేవారిని చూడటం అరుదు. నాకు ఈ రంగంలో అన్నింటికన్నా గౌరవం కలిగించేది ఇదే.

ప్రశ్న: అయితే ‘4కే77’ దానికి ఎలా భిన్నం?

డీస్పెషలైజ్డ్ అనేది అనేక మూలాల నుంచి అతికిన సంకలిత పాఠం. 4కే77 ఒక్క ప్రతిని ఆధారం చేసుకొన్న పాఠం. టీమ్ నెగటివ్ వన్ అనే పేరుతో పనిచేసే అభిమానుల బృందం 1977 నాటి 35 ఎంఎం టెక్నికలర్ ప్రింటును 4కే స్పష్టతలో స్కాన్ చేసి, శుభ్రపరచి, 2018లో తెచ్చిన రూపం అది. సుమారు 97 శాతం ఒకే ప్రింటు నుంచి వచ్చిందని వారు చెబుతారు. అందులో గ్రెయిన్ దట్టంగా ఉంటుంది, అక్కడక్కడ గీతలు ఉంటాయి, రీలు మారే చోట మూలన చుక్క మెరుస్తుంది. బ్లూరేకు అలవాటుపడిన కంటికి మొదటి పది నిమిషాలు మురికిగా తోస్తుంది. ఆ తర్వాత థియేటర్‌లో కూర్చొన్నట్టు ఉంటుంది.

ఆ ప్రింటు టెక్నికలర్‌ది కావడం చాలా ముఖ్యం. అప్పట్లో ఎక్కువ ప్రింట్లు ఈస్ట్‌మన్ ఫిల్మ్ మీద వేసినవి. ఆ ఫిల్మ్‌లోని రంగుల్లో నీలిఛాయ, పసుపు ముందు వెలిసిపోయి, చివరికి బొమ్మంతా గులాబీ ఎరుపుకు తిరుగుతుంది. పాత రంగుల సినిమాను ఎనభైలలోనో తొంభైలలోనో ఏ చిన్న ఊరి టాకీసులోనో చూసినవారికి, హీరో తెల్ల చొక్కా కూడా గులాబీగా కనబడటం గుర్తుండే ఉంటుంది. టెక్నికలర్ పద్ధతిలో మూడు రంగుల అద్దకాలను ఒకదాని మీద ఒకటి ఫిల్మ్ మీదికి ముద్రవేసినట్టు ఎక్కిస్తారు. ఆ అద్దకం దశాబ్దాలు గడిచినా వెలవదు. అమెరికాలో ఆ పద్ధతి అంతకు ముందే ఆగిపోయింది. లండన్‌లోని టెక్నికలర్ ప్రయోగశాలలో ఇంకా నడుస్తుండటం వల్ల బ్రిటన్ కోసం అలాంటి ప్రింట్లు కొన్ని పడ్డాయి. 1977లో రంగులు ఎలా ఉండేవో చెప్పగల సాక్షులలో అవి ముఖ్యమైనవి.

ప్రశ్న: నెగటివ్ ఉండగా ప్రింట్ల వెంట ఎందుకు పడటం?

నెగటివ్ అభిమానుల చేతికి రాదు, వచ్చినా అది 1977 రూపంలో లేదు. 1997 పునరుద్ధరణ సమయంలో వెలిసిన భాగాలను మార్చి, కొత్త షాట్లను అసలు నెగటివ్‌లోనే అతికించారు.

ప్రశ్న: శబ్దం సంగతి ఏమిటి?

ఇది చాలామంది పట్టించుకోని, నిజానికి మరింత చిక్కుగా ఉన్న విషయం. 1977లోనే ఈ సినిమాకు మూడు వేర్వేరు శబ్ద మిశ్రమాలు ఉన్నాయి: 70 ఎంఎం ప్రింట్లకు ఆరు ట్రాకుల మిశ్రమం, 35 ఎంఎంకు డాల్బీ స్టీరియో, మామూలు థియేటర్లకు మోనో. మోనో చివరగా తయారైంది కాబట్టి అందులో కొన్ని సర్దుబాట్లు చేశారు. లూక్ అత్త బెరూ గొంతు మోనోలో వేరే వినబడుతుంది, కొన్ని చోట్ల మిగతా రెంటిలో లేని మాటలు వినిపిస్తాయి. కాబట్టి అసలు రూపం ఒక్కటే ఉందన్న నమ్మకం మొదటి రోజు నుంచే నిలవదు. పక్క పక్క వీధుల్లోని రెండు థియేటర్లలో చూసిన ఇద్దరు స్నేహితులు రెండు వేర్వేరు సినిమాలు విన్నారు. మంచి పరిష్కర్తలు మూడు ట్రాకులనూ విడివిడిగా చేర్చి, ఎంచుకోవడం చూసేవారికి వదిలేస్తారు. పాఠాంతరాలను అధోజ్ఞాపికలో ఇచ్చినట్టు.

ప్రశ్న: ‘ఫాంటమ్ ఎడిట్’ పేరు తరచుగా వినిపిస్తుంది. అదేమిటి?

1999లో స్టార్ వార్స్‌కు పూర్వకథగా వచ్చిన ‘ది ఫాంటమ్ మెనేస్’ను చూసి నిరాశపడిన మైక్ జె. నికల్స్ అనే ఎడిటర్ దాన్ని సుమారు 20 నిమిషాలు తగ్గించి కూర్చారు. 2001 నాటికి వీడియో క్యాసెట్ల మీద అది చేతులు మారి ప్రచారంలోకి వచ్చింది, మొదట్లో చేసిందెవరో కూడా ఎవరికీ తెలియదు. హాస్య పాత్ర జార్ జార్ బింక్స్ అల్లరి తగ్గింది, బాలుడు అనాకిన్ అరుపులు తగ్గాయి, విన్నదాన్నే మళ్లీ వివరించే సంభాషణలు పోయాయి. చేసింది ఎక్కువగా తీసేయడమే. కత్తెరతో కథ నడకను ఎంత మార్చవచ్చో చూపినందుకు ఈనాటికీ దాన్ని పాఠంలా ప్రస్తావిస్తారు. ఆ తర్వాత నటుడు టోఫర్ గ్రేస్ ఆ పూర్వకథల వరుసలోని మూడు సినిమాలనూ కలిపి 85 నిమిషాలకు కుదించి, 2012లో స్నేహితుల మధ్య ఒకసారి ప్రదర్శించారు.

ప్రశ్న: లూకాస్ మార్పులు వద్దన్నవారే తామూ మార్పులు చేయడం న్యాయమా?

చేసేవారు వేరు, వద్దన్నవారు వేరు. ఏడీవాన్ అనే పేరుతో పనిచేసే బ్రిటిష్ అభిమాని ‘రీవిజిటెడ్’ పేరిట చేసిన కూర్పులు స్పెషల్ ఎడిషన్ దారిలోనే ఇంకా ముందుకు వెళ్తాయి. కొత్త గ్రాఫిక్స్, సరిదిద్దిన రంగులు, కొత్త షాట్లు కూడా అందులో ఉన్నాయి. రెండో సినిమాకు ఆయన చేసిన కూర్పు పూర్తవడానికి 2017 వరకూ పట్టింది. నైపుణ్యంలో వంక పెట్టలేం. కానీ నాకు అది వేరొకరి ఇంట్లో గోడలకు చక్కగా రంగు వేసినట్టే అనిపిస్తుంది. ఇల్లు బాగానే ఉంటుంది, నేను చూడటానికి వెళ్లిన ఇల్లు మాత్రం అది కాదు.

ప్రశ్న: ఇవి చట్టబద్ధమైనవేనా?

కావనే చెప్పాలి, లేదా కనీసం రక్షణ లేనివని చెప్పాలి. సినిమా ప్రతులు చేసే హక్కు, దానిని మార్చి కొత్త రూపం చేసే హక్కు యజమానివే. అమెరికాలో 2006లో క్లీన్‌ఫ్లిక్స్ అనే సంస్థ కేసు దీనికి దగ్గరగా ఉంటుంది. కుటుంబ ప్రేక్షకుల కోసమంటూ హాలీవుడ్ సినిమాల్లోని శృంగారం, హింస, బూతులు కత్తిరించి డిస్కులు అమ్మిన ఆ సంస్థ, ప్రతి కాపీకీ ఒక అసలు డిస్కు కొన్నామని వాదించినా కోర్టు ఒప్పుకోలేదు. అది వ్యాపారం, అభిమానులది వ్యాపారం కాదు అన్న తేడా ఉన్నమాట నిజమే. అసలు డిస్కు మీ దగ్గర ఉంటేనే మా కూర్పు చూడండి అని కూర్చినవారు పెట్టే నియమం ఒక మర్యాదే తప్ప చట్టపరమైన కవచం కాదు.

భారతదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం వర్తిస్తుంది. సొంత వాడకానికీ, విమర్శకూ, సమీక్షకూ 52వ సెక్షన్ కొంత వెసులుబాటు ఇస్తుంది గానీ, మొత్తం సినిమాను తిరిగి కూర్చి నలుగురికీ పంచడం అందులో ఇమడదు. డిస్కుకు వేసిన డిజిటల్ తాళం పగలగొట్టడం గురించి 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ వేరే ఉంది. రచన వికృతం కాకుండా రచయితకు రక్షణ ఇచ్చే 57వ సెక్షన్‌ను ఇక్కడ ప్రస్తావించేవారు ఒక విషయం గమనించాలి. ఈ చట్టం ప్రకారం సినిమాకు రచయిత నిర్మాత, దర్శకుడు కాదు.

ప్రశ్న: ఇతర సైన్స్ ఫిక్షన్ సినిమాలకూ ఇలాంటి కూర్పులు ఉన్నాయా?

చాలా ఉన్నాయి. చెప్పుకోదగ్గది 1984 నాటి ‘డ్యూన్’. 137 నిమిషాలకు కుదించి విడుదల చేసిన ఆ సినిమాను తర్వాత టీవీ కోసం తన ప్రమేయం లేకుండా పొడిగించినప్పుడు దర్శకుడు డేవిడ్ లించ్ తన పేరు తీయించుకొన్నారు. ఆ రెండు కూర్పులనూ, తొలగించిన దృశ్యాలనూ కలిపి స్పైస్‌డైవర్ అనే అభిమాని సుమారు మూడు గంటల రూపం తయారు చేశారు. అక్కడ తిరిగి నిలబెట్టడానికి దర్శకుడు మెచ్చిన రూపమంటూ ఏదీ లేదు. ఉన్న ముక్కలతో ఊహించి కట్టాలి. అందువల్ల దాన్ని పాఠ పరిష్కరణ అనలేం, అసంపూర్ణ కావ్యాన్ని పూరించడం అనవచ్చు.

ప్రశ్న: మొదటిసారి చూసేవారు ఏ రూపంతో మొదలుపెట్టాలి?

చట్టబద్ధంగా అందుబాటులో ఉన్నదానితోనే మొదలుపెట్టండి. నేను తొంభైల మొదట్లో వీడియో పార్లర్ నుంచి అద్దెకు తెచ్చిన అరిగిన క్యాసెట్‌లో చూశాను. సగం చీకటి, సగం గీతలు. కానీ తర్వాత తెలిసిందేమిటంటే, ఆ క్యాసెట్ 1997కు ముందుది కాబట్టి గ్రీడో అందులో కాల్చకుండానే పోయాడు.

ప్రశ్న: 1977 రూపాన్ని మళ్లీ పెద్ద తెర మీద చూసే అవకాశం ఎప్పుడైనా వచ్చిందా?

వచ్చింది. 2025 జూన్ 12న లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తన ‘ఫిల్మ్ ఆన్ ఫిల్మ్’ ఉత్సవాన్ని 1977 నాటి టెక్నికలర్ ప్రింటుతోనే ప్రారంభించింది. మైనస్ 5 డిగ్రీల చలిలో దశాబ్దాలు భద్రపరచిన ప్రింటు అది. లూకాస్ స్థాపించిన సంస్థ లూకాస్‌ఫిల్మ్‌కు అప్పటి అధ్యక్షురాలు క్యాథ్లీన్ కెనెడీ స్వయంగా హాజరయ్యారు. 50 ఏళ్లు నిండే సందర్భంగా సినిమాను 2027లో తిరిగి థియేటర్లకు తెస్తామని ఆ సంస్థ ప్రకటించింది కూడా. లండన్ ప్రదర్శనకు వెళ్లినవారు చూసినది శుభ్రపరచిన డిజిటల్ ప్రతి కాదు, ప్రొజెక్టర్ గుండా నడిచిన ఫిల్మ్. అందులో ‘ఎపిసోడ్ 4’ అన్న మాట లేదు, లూక్ బండి కింద నారింజ మరక ఉంది.